పెటిగ్రూ రాయి కింద

బుధవారం పొద్దున తెక్లా ద్యాచుక్ వెనిగర్ కలిపిన వేడినీళ్ళ బకెట్టూ పీచుబ్రష్షూ పట్టుకుని శ్మశానానికి వచ్చేసరికి, పెటిగ్రూ రాయి చుట్టూ ఎవరో నాలుగు కర్రలు పాతి తాడు కట్టి ఉంచారు. తెక్లా ఆ తాడుని ఎగాదిగా చూసింది. దాని కిందనుంచి వంగి లోపలికి దూరి, ప్రతి బుధవారం లాగే మోకాళ్ళమీద కూచుంది. డెబ్బై ఒక్కేళ్ళ మనిషి అలా వంగి దూరడమంటే మాటలు కాదు. నడుం కలుక్కుమంది.

ముందు నీళ్ళు చల్లి నాననిచ్చింది. తరవాత పై అంచునుంచి కిందికి రుద్దుకుంటూ వచ్చింది. నలభై ఏళ్ళు ఆసుపత్రి దుప్పట్లు రుద్దిన చేతులవి, కణుపులన్నీ ఉబ్బిపోయాయి. చలికాలమంతా మంచు కింద ఉండి రాయికి పాకుడు పడుతుంది, అక్షరాల గుంటల్లో మరీను. దానికోసం బట్టల క్లిప్పు చెక్కి చేసుకున్న పుల్ల ఒకటుంది ఆమె దగ్గర. ఇంగ్లీషు చదవడం రాదు గాని, ఆ రాతిమీద ఏ అక్షరం ఎక్కడ వంపు తిరుగుతుందో ఆమె వేళ్ళకి తెలుసు. ‘ఏమస్ పెటిగ్రూ. ఈ నగరానికి పునాది వేసినవాడు. 1907.’ స్టానర్డ్ నగరంలో ఆ పేరు ఎరగనివాళ్ళు లేరు. పెద్ద వీధికి ఆ పేరే, బడికి ఆ పేరే, ముసలివాళ్ళ ఆశ్రమంలో భోజనాల గదికి కూడా ఆ పేరే.

ఆ రాయి కింద ఉన్నది మాత్రం ఆయన కాదు. తెక్లా మొగుడు ఇలార్కో.

ఈ సంగతి లోకంలో ఇద్దరికే తెలుసు. ఒకరు తెక్లా, రెండోవాడు అప్పట్లో ఇక్కడ గుంతలు తవ్విన మికీటా. మిగతా ఊరంతా ఆమెని చూసి తలా ఒక మాట అనుకుంటుంది. ఇంగ్లీషు దొరలేమో, పాపం మంచి మనిషి, చేసిన మేలు మరిచిపోలేదు అంటారు. ఆమె సొంత మనుషులు, ఉక్రెయిన్ నుంచి వచ్చినవాళ్ళు, అంత మర్యాదగా అనరు. ముసలి దొరకీ ఈ చాకలి పిల్లకీ ఏదో నడిచిందిట అని నలభై ఎనిమిదేళ్ళుగా చెవులు కొరుక్కుంటూనే ఉన్నారు. తెక్లా ఆ మాటలన్నీ దిగమింగుకుంది. మొగుడు ఎదురుగా ఉన్నాడు, అది చాలు. దారికి అవతల నాలుగడుగుల దూరంలో తనకోసం చోటు కూడా రాయించుకుంది. రేపో మాపో అక్కడికి వచ్చి పడుకుంటుంది. ఆమెకి మిగిలిన ఆశ అదొక్కటే.

“నేను వెతుకుతున్నది మిమ్మల్నే, మిసెస్ ద్యాచుక్!” అంటూ బురద తప్పించుకుంటూ మిస్ ఓర్ వచ్చింది. బడి టీచరుగా రిటైరైన మనిషి, సన్నగా పొడుగ్గా ఉంటుంది, చంకలో ఎప్పుడూ కాగితాల సంచీ. ఈ ఏడు రాష్ట్రానికి యాభయ్యేళ్ళు నిండుతున్నాయని, ఊరు కట్టిన తొలివాళ్ళ జీవితాలు పుస్తకంగా వేస్తున్నారు. ఆ పుస్తకం రాస్తున్నది ఆవిడే.

“ఈ తాడేంటి టీచరమ్మా?”

“మీకింకా తెలీదా? సోమవారం పెటిగ్రూ గారిని ఇక్కణ్ణించి తీసి, నగరసభ భవనం ముందు పెడుతున్నారు. నల్లరాతి వేదిక కట్టారుగా, చుట్టూ ఇనపకంచెతో. అక్కడ.”

తెక్లా చేతిలో పుల్ల ఆగిపోయింది.

“తీసి... అంటే తవ్వి?”

“చాలా పద్ధతిగా చేస్తారు. మీరేం దిగులుపడకండి.” మిస్ ఓర్ పుస్తకం తెరిచి పెన్ను తీసింది. “మీరు ఇంతకాలం ఈ సమాధిని చూసుకున్నారు కదా. ఆయన గురించిన పేజీల చివర మీ మాట నాలుగు వాక్యాలు వేద్దామనుకుంటున్నాను. ఆయన మీకేం మేలు చేశారో చెప్పండి.”

“ఆ కంచెకి తాళం ఉంటుందా?”

“ఉంటుంది. పిల్లలు ఎక్కి తొక్కకుండా.”

“మీ పుస్తకంలో ఇలార్కో ద్యాచుక్ ఉన్నాడా?”

మిస్ ఓర్ సంచీలోంచి జాబితా తీసి వేలితో కిందికి దిగుతూ వెతికింది. నిజంగానే వెతికింది, ఆవిడ అంత చెడ్డమనిషేం కాదు. “లేదండీ. మూడు వందల పన్నెండు మంది ఉన్నారు. ఏ పదవి చేశారు, ఏ సంఘంలో ఉన్నారు అని ఇంటింటికీ కాగితం పంపాం. నింపి ఇచ్చినవాళ్ళవి వేశాం. మీవారు ఏం చేసేవారు?”

“మీరు తాగే నీళ్ళగొట్టానికి కాలవ తవ్వాడు.”

“తవ్వినవాళ్ళు చాలామంది కదండీ,” అంది మిస్ ఓర్ మెత్తగా. తెక్లా బ్రష్షు బకెట్టులో పడేసి, మిగతా సగం రాయి రుద్దకుండానే లేచింది.

మర్నాడు ఆశ్రమానికి వెళ్ళింది. మికీటా కిటికీ దగ్గర కుర్చీలో కాళ్ళమీద దుప్పటి కప్పుకుని కూచున్నాడు. ఒకప్పుడు ఒంటిచేత్తో గునపం ఎత్తిన మనిషి, ఇప్పుడు చెంచా ఎత్తినా చెయ్యి వణుకుతుంది. విషయం చెబితే సగంలోనే కళ్ళు మూసుకున్నాడు.

“తవ్వుతారా? ఇన్నేళ్ళకి ఇదేం పోయేకాలం వాళ్ళకి?”

“నన్ను ఒట్టునుంచి విడిపించు అన్నా. రొట్టెమీద చెయ్యేయించి ఒట్టు పెట్టించుకున్నావు. ఇన్నేళ్ళు నోరు విప్పానా? ఇప్పుడు చెప్పాలి.”

“నేను కావాలని చేశానా చెల్లీ? ఆ చలికాలం ఎలా ఉందో నీకు తెలీదూ? నేల ఇనుములా బిగిసిపోయింది. పోయినవాళ్ళందరినీ శవాలకొట్లో పేర్చాం, మంచు కరిగాక పూడ్చొచ్చని. దొరకోసం విన్నిపెగ్ నుంచి తెప్పించిన పెట్టె రైలుతో సహా మంచులో ఇరుక్కుపోయింది. ఆయనకీ అదే తెల్లచెక్క పెట్టె, మీవాడికీ అదే. ఇద్దరిదీ టైఫాయిడ్, మూతలు తెరవకూడదని ఆర్డరు. పైన సుద్దతో పేర్లు రాశాను. కొట్టు కప్పు కారి ఆ రాత కాస్తా పోయింది. నేనేం చెయ్యను? ఒక పెట్టె బరువుగా తోచింది, దొర అదే అనుకున్నాను.”

“ఇలార్కో బరువైనవాడే,” అంది తెక్లా.

“బ్యాండుమేళంతో, మేయరుతో ఆ పెట్టెని పూడ్చేశాం. మర్నాడు రెండోది బీదవాళ్ళ వరసలో దింపుతుంటే తాడు జారి మూత పగిలింది. తెల్లగడ్డం కనపడింది.” మికీటా కిటికీకేసి తిరిగాడు. “నాకు ఉద్యోగం దొరికి నాలుగు నెల్లు. గబగబా మట్టి కప్పేశాను. అప్పుడే నోరు మూసుకుని ఊరుకోవాల్సింది. నువ్వు ఆ వరసలోకొచ్చి, వేరేవాడి గుంటమీద రొట్టె పెట్టుకుని ఏడుస్తుంటే చూడలేక నీకు చెప్పాను.”

“చెప్పి నాకు బతుకునిచ్చావు. ఇప్పుడు ఇంకొక్కసారి చెప్పు, వాళ్ళకి. వాడు వాళ్ళవాడు కాదని తెలిస్తే నాకు ఇచ్చేస్తారు. నా చోటుందిగా, ఇద్దరికీ సరిపోతుంది.”

మికీటా దుప్పటి అంచు మెలిపెట్టాడు. చివరికి, “సరే చెప్పుకో. అడిగితే నేను కాదనను,” అన్నాడు. తెక్లా ఆ వణికే చేతిని తీసుకుని ముద్దుపెట్టుకుంది.

శనివారం తలగుడ్డ మార్చుకుని మిస్ ఓర్ ఇంటికి వెళ్ళింది. బల్లనిండా అచ్చుకాగితాలు పరిచి ఉన్నాయి. అన్నిటికన్నా పైన పెటిగ్రూ ఫోటో, గడ్డం, గొలుసు గడియారం. తెక్లా కుర్చీ అంచున కూచుని, వచ్చీరాని ఇంగ్లీషులో మొదటినుంచి చివరిదాకా చెప్పింది. చెక్కపెట్టెలు, సుద్ద, కారిన కప్పు, తెల్లగడ్డం. మిస్ ఓర్ మొదట రాసుకుంది. గడ్డం దగ్గరికి వచ్చేసరికి పెన్నుకి మూత పెట్టేసింది.

“అయితే పెటిగ్రూ గారు ఎక్కడున్నట్టు?”

“బీదవాళ్ళ వరస మీద రోడ్డు వేశారుగా, ఊళ్ళో ఎవరికీ పనుల్లేని కరువు రోజుల్లో. బొగ్గు లారీలు పోయే రోడ్డు. దానికింద.”

మిస్ ఓర్ లేచి కోటు తొడుక్కుంది. “పదండి. ఆ మనిషినే అడుగుదాం.”

ఆశ్రమంలో పెటిగ్రూ భోజనాల గదిలో మధ్యాహ్నం సూప్ వడ్డిస్తున్నారు. మిస్ ఓర్ మికీటా పక్కన కూచుని, నెమ్మదిగా, పసిపిల్లాణ్ణి అడిగినట్టు అడిగింది. ఆశ్రమం చూసే నర్సు వచ్చి వెనక నించుంది. మికీటా ఆ నర్సు బూట్లకేసి చూశాడు, గోడమీద ఉన్న దొర పటంకేసి చూశాడు, తెక్లాకేసి మాత్రం చూడలేదు.

“ఎవరి పెట్టె వాళ్ళ గుంటలోనే దించానమ్మా. నా పని నేను సరిగ్గా చేశాను,” అన్నాడు గిన్నెలోకి వంగి. “తెక్లా పెద్దదైపోయింది. ఒంటరి మనిషి. ఏవేవో అనుకుంటుంది.”

తెక్లాకి తల కొట్టేసినట్టయింది. అతని ఒళ్ళో రొట్టెముక్క పడిపోతే తీసి బల్లమీద పెట్టింది. రొట్టె కింద పడకూడదు కదా. బయటికొచ్చాక మిస్ ఓర్ జాలిగా ఆమె భుజంమీద చెయ్యి వేసింది. ఆ జాలి చూసి తెక్లాకి ఒళ్ళు మండింది.

“నాకేం పిచ్చి పట్టలేదు టీచరమ్మా. పెట్టెకి మేకులు కొట్టకముందు నా చేతుల్తో వాడి కాళ్ళకి బూట్లు తొడిగాను, అడుగున ఇనపమేకులున్న పని బూట్లు. చలికి తట్టుకోలేడని. చేతిలో శిలువ పెట్టాను, మా శిలువ, రాగిది. మూడు అడ్డాలుంటాయి, కింది అడ్డం వాలుగా ఉంటుంది. సోమవారం మీ కళ్ళతో మీరే చూడండి. అప్పుడు చెప్పండి నాకు పిచ్చో కాదో.”

“చూస్తాను,” అంది మిస్ ఓర్. “అదే ఉంటే నేనే అందరికీ చెబుతాను. మాటిస్తున్నాను.”

ఆదివారం పోయినవాళ్ళ పండగ. ఈస్టరు తరవాతి వారం తమవాళ్ళంతా శ్మశానానికి వచ్చి, సమాధులమీద తువ్వాళ్ళు పరిచి, రొట్టె, రంగు గుడ్లు పెడతారు. ఫాదరు ధూపం వేసుకుంటూ ఒక్కో సమాధి దగ్గరా పాడి ముందుకెళతాడు. తెక్లా ఎప్పటిలాగే తూర్పు వేపు తమవాళ్ళ వరసలు దాటి, గేటు దగ్గరున్న దొరల వేపు నడిచింది.

“ఇవాళైనా మన వేపు కూచోవే! దొర ఎక్కడికీ పారిపోడులే,” అని ఒకామె కేకేసింది.

“రేపు పోతున్నాడుగా! కొత్త మేడ కట్టారుట,” అంది ఇంకొకామె. “పాపం, ఈవిణ్ణి కూడా ఆ కంచెలో పెట్టి తాళం వేస్తే సరిపోతుంది.” నవ్వులు లేచాయి.

మిగతా ఏళ్ళయితే తెక్లా తలొంచుకు పోయేది. ఇవాళ ఆగి, “రేపు పొద్దున పదింటికి గేటు దగ్గరికి రండి. అప్పుడు నవ్వుదురుగాని,” అంది. వాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు.

తాడు లోపల తువ్వాలు పరిచి రొట్టె పెట్టింది. ఒక గుడ్డు తను ఒలుచుకుని తింది, ఒకటి రాయి మొదట్లో మట్టిలో పెట్టింది. రేపు నీకు చోటు మారుతుందిరా, భయపడకు, నాలుగడుగులే అని చెప్పింది ఇలార్కోకి. ఇంటికి వెళ్ళేముందు శ్మశానం వెనకున్న బొగ్గు రోడ్డు దగ్గర ఆగి, మూడో గుడ్డు రోడ్డంచున గడ్డిలో పెట్టింది. ఏటా పెడుతుంది. ఆ ముసలాయనకీ ఎవరో ఒకరు ఉండాలి కదా. ఆమె పది అడుగులు వేసిందో లేదో లారీ ఒకటి వెళ్ళింది, గడ్డంతా బొగ్గుపొడి కమ్మేసింది.

సోమవారం పదింటికి గేటు దగ్గర కార్లు బారులు తీరాయి. మేయరు వచ్చాడు. పెటిగ్రూ మనవడు క్లిఫర్డ్ వచ్చాడు, నగరసభ సభ్యుడు, తాతగారి గడియారం గొలుసు పొట్టమీద వేలాడేసుకున్నాడు. పత్రికవాడు కెమెరా తెచ్చాడు. తమవాళ్ళు నలుగురైదుగురు ఆడవాళ్ళు కూడా కంచె పక్కన నించున్నారు, ఏం వింత జరుగుతుందోనని. తెక్లా ఆదివారం బట్టలు కట్టుకుని మిస్ ఓర్‌కి ఎదురుగా నించుంది.

శ్మశానం చూసే హార్‌గ్రోవ్, అతనితో ఇద్దరు మనుషులు గడ్డిపెళ్ళలు చదరంగా కోసి పక్కన పేర్చారు. పైన అడుగున్నర మట్టి మెత్తగా వచ్చింది. కింద ఇంకా మంచు పట్టి ఉంది, గునపం వేస్తే నిప్పురవ్వలు లేచాయి. ఒక్కో దెబ్బ తెక్లా పక్కటెముకలకి తగిలినట్టే ఉంది. ఛాతీలోతు దిగాక పారకి పుచ్చిన చెక్క తగిలింది. హార్‌గ్రోవ్ పార బయటికి విసిరేసి చేతులతో తీయడం మొదలుపెట్టాడు. మేయరు టోపీ తీశాడు.

ముందు తల వచ్చింది. హార్‌గ్రోవ్ దాన్ని గుడ్డలో పెడుతూ ఆగాడు. “పళ్ళన్నీ ఉన్నాయండీ. అరవై ఏడేళ్ళ మనిషికి ఒక్కటి కూడా...”

“మా వంశంలో పళ్ళు గట్టివి,” అన్నాడు క్లిఫర్డ్ గర్వంగా.

తరవాత కాళ్ళ వేపు. బూట్ల తోలు ముడుచుకుపోయింది గాని ఒక బూటు అడుగు మిగిలింది, తుప్పుపట్టిన ఇనపమేకుల వరసతో సహా. క్లిఫర్డ్ ఆ అడుగుని రెండుచేతులా అందుకున్నాడు, అతని కళ్ళు చెమర్చాయి.

“చూశారా మేయరు గారూ? పని బూట్లతో పోయారు మా తాతయ్య. ఆఖరిదాకా కష్టజీవే!”

కెమెరా మెరిసింది. తెక్లా మిస్ ఓర్‌కేసి చూసింది. మిస్ ఓర్ ఆ బూటు అడుగునే చూస్తోంది, పెదాలు తెల్లబడ్డాయి.

“ఇంకేదో ఉంది,” అన్నాడు హార్‌గ్రోవ్ గుంటలోంచి. పచ్చగా చిలుమెక్కిన చిన్న వస్తువొకటి బొటనవేలితో తుడిచి పైకి అందించాడు. అందరికన్నా దగ్గరున్నది మిస్ ఓర్. అది ఆవిడ అరచేతిలోకి వచ్చింది. మూడు అడ్డాలు, కింది అడ్డం వాలుగా.

కంచె పక్కనున్న ఆడవాళ్ళలో ఒకామె గుండెలమీద శిలువ గుర్తు వేసుకుంది.

“ఏమిటది?” అన్నాడు క్లిఫర్డ్. “మన శిలువలా లేదే?”

మిస్ ఓర్ తలెత్తింది. మేయరు, కెమెరా, క్లిఫర్డ్ చేతిలో బూటు అడుగు, ఆ తరవాత తెక్లా. అంతా కలిపి నాలుగైదు క్షణాలు పట్టి ఉంటుంది. తెక్లాకి ఆ చూపులోనే తెలిసిపోయింది, ఆవిడ నమ్మిందని. నమ్మింది, పూర్తిగా నమ్మింది.

“ఉక్రెయిన్ వాళ్ళ శిలువ,” అంది మిస్ ఓర్, బడిలో పాఠం చెప్పే గొంతుతో. “కాలవ తవ్విన కూలీలు ఎవరో అభిమానంతో ఇచ్చి ఉంటారు. ఆయన దాన్ని తనతోనే ఉంచుకున్నారు.”

“అబ్బ!” అన్నాడు మేయరు. “ఇది పుస్తకంలో రావాలి.”

“అది నాది!” అని తెక్లా ముందుకొచ్చింది. “నా మొగుడి చేతిలో నేను పెట్టాను. ఈ మనిషి నా మొగుడు. ఇలార్కో ద్యాచుక్. టీచరమ్మని అడగండి, ఆవిడకి అంతా చెప్పాను!”

అందరూ మిస్ ఓర్‌కేసి తిరిగారు.

“మిసెస్ ద్యాచుక్ మనసు బాగా కష్టపెట్టుకున్నారు,” అంది ఆవిడ నేలకేసి చూస్తూ. “ఇన్నేళ్ళు చూసుకున్న సమాధి కదా. ఆశ్రమంలో ఆమె స్నేహితుడు కూడా అదే అన్నారు.”

పత్రికవాడు టోపీ వెనక్కి తోసుకుని జాలిపడ్డాడు. క్లిఫర్డ్ వచ్చి తెక్లా రెండు చేతులూ పట్టుకుని, మా తాతయ్యని మీరు మా అందరికన్నా ఎక్కువ ప్రేమించారు అన్నాడు. అతని అరచేతులు వెచ్చగా, మెత్తగా ఉన్నాయి. అప్పుడు మిస్ ఓర్ అతని చెవిలో ఏదో చెప్పింది. అతను మేయరుతో చెప్పాడు. మేయరు గొంతు సవరించుకుని, ఖాళీ అయిన ఈ చోటుని నగరం తరపున మిసెస్ ద్యాచుక్‌కి కానుకగా ఇస్తున్నామని, ఆమె ఎప్పటికీ ఇక్కడే విశ్రమించవచ్చని ప్రకటించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. కంచె పక్కనున్న తమవాళ్ళు మాత్రం కొట్టలేదు. నిన్న నవ్వినామె తలగుడ్డ కొంగుతో మొహం కప్పుకుంది.

ఎముకల్ని కొత్త పెట్టెలో సర్దారు. చాలా చిన్న పెట్టె, ఇద్దరు అక్కర్లేదు, ఒక్కడే మోసుకుపోయాడు. కార్లు ఒకదాని వెనక ఒకటి వెళ్ళిపోయాయి. మిస్ ఓర్ చివరిదాకా ఆగి దగ్గరికొచ్చింది.

“నా వల్ల అయింది ఇంతే,” అంది. “మూడేళ్ళ పని అది. ఊరంతా దానిమీద...”

తెక్లా ఆవిడ చేతికేసి చూసింది. గుప్పిట ఇంకా మూసే ఉంది, శిలువ కొస ఒకటి వేళ్ళ సందులోంచి కనిపిస్తోంది. అద్దాల పెట్టెలో పెడతారుట. కాస్సేపు నించుని మిస్ ఓర్ కూడా బురద తప్పించుకుంటూ వెళ్ళిపోయింది.

తెక్లా గుంట అంచున కూచుని లోపలికి చూసింది. అడుగున నల్లటి చార ఒకటుంది, మనిషంత పొడుగు, చుట్టూ ఉన్న బంకమట్టికన్నా మెత్తటి మట్టి, ఇలార్కో ఒళ్ళు కరిగి కలిసిన మట్టి. వాళ్ళు ఎముకలు ఏరుకుపోయారు. దాన్ని ఏరడం వాళ్ళకి తెలీలేదు. ఆమె ఆ చారనే చాలాసేపు చూసింది. చూసి చూసి అప్పుడు ఏడ్చింది, గట్టిగా, మొగుడు పోయిన రోజున ఏడ్చినట్టు.

హార్‌గ్రోవ్ దూరంగా నించుని ఆమె ఏడుపు ఆగేదాకా కాచుకున్నాడు. తరవాత మెల్లిగా వచ్చి, “మధ్యాహ్నం ఇసుక బండి తెప్పించి పూడ్చేస్తానమ్మా,” అన్నాడు.

“ఇసుక వద్దు. బయటి మట్టి ఏదీ వద్దు. ఇందులోంచి తీసిందే ఇందులో వెయ్యి.”

“అది సరిపోదు. పెట్టె పోయింది, మనిషి పోయాడు. పైన వెలితి పడుతుంది.”

“పడనీ,” అంది తెక్లా మోకాళ్ళమీద చేతులు ఊని లేస్తూ. “ఆ వెలితికి నేను సరిపోతాను.”

హార్‌గ్రోవ్ పార తీసుకుని, గుంటలోంచి తీసిన మట్టితోనే పూడ్చడం మొదలుపెట్టాడు.